వరసలో ఒక ఖాళీ

బోర్డులు రాసేవాడి కన్ను ఖాళీని ఓర్చుకోలేదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం ఒక నూలు ఎక్కువైతే ఆ పూట నాకు అన్నం సహించదు. ముప్ఫై ఏళ్ళు రాజోలులో నేను చేసిన పని అదే. కిరాణా కొట్లు, బళ్ళు, చర్చిలు, పురుగుమందుల దుకాణాలు, వేటికి పేరు కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు. తర్వాత ఫ్లెక్సీలు వచ్చి నా కుంచెలు అటకెక్కించాయి. ఆ కోపం నాకింకా తగ్గలేదు. కానీ ఇప్పుడు చెప్పబోయే తప్పు ఫ్లెక్సీలది కాదు, నాది.

మా నాన్నగారిది కూడా రంగుల పనే. సఖినేటిపల్లి రేవులో పడవలకీ లాంచీలకీ రంగులు వేసేవారు. ఎండాకాలం పడవల్ని ఇసుక మీదికి లాగి, బోర్లించి, నాచు గీకి, అడుగున తారు పూసి, పైన రంగు కొట్టి, ముక్కు మీద పేరు రాసేవారు. తన గుర్తు మాత్రం నీటిగీతకి కింద, తారు మీద, చిన్న తెల్లటి గీతగా పెట్టేవారు. పడవ నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ అది ఎవరికీ కనబడదు. మళ్ళీ ఏడాది ఒడ్డుకి లాగినప్పుడే ఎవరి పనో తెలుస్తుంది. నేను మాత్రం బోర్డుకి కుడివైపు కింది మూల నా పేరు కొట్టొచ్చినట్టు రాసుకునేవాణ్ణి. అది చూసి ఆయన, "పేరు కొట్టుదిరా. మనది అడుగున ఉండాలి" అనేవారు. నేను వినలేదు. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు కదా.

పడవల పనికి ముందు ఆయన నావికుడు. యుద్ధం రోజుల్లో పద్దెనిమిదేళ్ళకే వెళ్ళి తెల్లవాళ్ళ నౌకాదళంలో చేరారు. ఓడ అడుగున బాయిలర్ గదిలో పని. నలభై ఆరులో బొంబాయిలో మన నావికులు తెల్లదొరల మీద తిరగబడ్డారు. నాన్నగారు పనిచేసే ఓడ అప్పుడు సముద్రం మీద ఉంది. అందులోని మనవాళ్ళు కూడా పని మానేసి, అధికారుల మాట వినమని తెగేసి చెప్పారు. కొన్నాళ్ళకి, లొంగిపొమ్మని బయటి నాయకులు కబురు పెడితే, ఓడ రేవుకి తిరిగొచ్చింది. దిగినవాళ్ళని దిగినట్టే పట్టుకుపోయారు. ఉద్యోగాలు ఊడబెరికి ఇళ్ళకి తోలేశారు. ఆ ఏడాదే మా నాన్నగారు ట్రంకుపెట్టె పట్టుకుని ఊళ్ళో దిగారు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే ఊరు మాది. తెల్లవాడి మీద తిరగబడి ఉద్యోగం పోగొట్టుకొచ్చిన మొనగాడని ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. నేవీగారు అన్న పేరు చచ్చేదాకా ఆయనకి పోలేదు.

ఎవరైనా ఆ తిరుగుబాటు సంగతి అడిగితే, "ఆయ్, అదెప్పుడో అయిపోయిందిలెండి" అని కుంచె రంగులో ముంచేవారు. మా నాన్నగారిది గొప్ప నిబ్బరం అని నేను మురిసిపోయేవాణ్ణి. ఆయన నిబ్బరానికి నా దగ్గర ఇంకో సాక్ష్యం కూడా ఉండేది. ఒళ్ళు కాలినా, కాలు బెణికినా చెప్పేవారు గానీ, కడుపులో నొప్పి అన్న మాట ఆ నోట నేనెప్పుడూ వినలేదు. పెళ్ళిభోజనాలు తిని ఊరంతా వాము నములుతున్నా ఆయన ఒక్కరే మెదలకుండా కూర్చునేవారు.

మా ఇంటి ముందుగదిలో గోడకి ఒక బొమ్మ ఉండేది. నేను పుట్టకముందు నాన్నగారు వేసింది. పాత తెరచాప గుడ్డని సరుగుడు చట్రానికి బిగించి, దాని మీద నూనెరంగులతో వేశారు. పడవల మీద పేర్లు, చేపలు, నక్షత్రాలు కాక ఆయన వేసిన బొమ్మ అదొక్కటే. రేవులోకి వస్తున్న బూడిదరంగు యుద్ధనౌక. నీళ్ళు మన గోదావరి వరదనీళ్ళలా మట్టిరంగులో ఉంటాయి. సముద్రం అలా ఉండదని బడిలో చెప్పారంటే, "రేవులో అలాగే ఉంటుంది" అన్నారు. ఓడ కొయ్యకి, లొంగిపోయిన గుర్తుగా, ఒక నల్లగుడ్డ వేలాడుతుంటుంది. పిట్టగోడ వెంబడి తెల్లబట్టల నావికులు వరసగా నిలబడి ఉంటారు. చేతులు పైకెత్తరు, అరవరు, ఊరికే ఒడ్డుకేసి చూస్తుంటారు. కుడివైపు కింది మూల ఓడలు ఆగే గట్టు, అదే ధక్కా, దాని అంచు, రాళ్ళు, ఓడ తాళ్ళు కట్టే గుంజలాంటిది ఒక నల్లటి ఆకారం. ఆ మూల కిందే మా దీపంబల్ల ఉండేది. ఏళ్ళ తరబడి కిరసనాయిల్ పొగ పట్టి అక్కడంతా మసకబారిపోయింది.

చిన్నప్పుడు ఆ వరసలో మనుషుల్ని లెక్కపెట్టేవాణ్ణి. ఇరవై ఇద్దరు. పదకొండోవాడికీ పన్నెండోవాడికీ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఒకసారి అడిగాను.

"నాన్నగారూ, ఇందులో మీరెక్కడండీ?"

"బాగా చూడు. కనబడతాను."

బాగానే చూశాను. కాకపోతే ఓడ మీద చూశాను. ఏ మొహమూ ఆయనలా అనిపించక, చివరికి బాయిలర్ గదిలో ఉండి ఉంటారులే అనుకుని ఊరుకున్నాను.

స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళు నిండిన సంవత్సరం అమలాపురం నుంచి నలుగురు పెద్దమనుషులు మా ఇంటికొచ్చారు. పంద్రాగస్టుకి పెద్ద సభ పెడుతున్నామనీ, నాన్నగారికి సన్మానం చేస్తామనీ, ఆ బొమ్మని వేదిక మీద పెడతామనీ అన్నారు. అప్పటికి ఆయనకి డెబ్భై ఏళ్ళు.

"వద్దండీ. నాకెందుకండీ" అన్నారు.

వాళ్ళు మళ్ళీ అడిగారు. మళ్ళీ వద్దన్నారు. మూడోసారి ఆయన మాట్లాడకపోయేసరికి, మౌనం అర్ధాంగీకారం అన్నాడొకాయన. సరే అన్నది నేను. లోపల్నుంచి మా అమ్మ పిలిచి, "ఆయన వద్దంటే వద్దురా" అంది. ఇంత మొనగాడికి ఒక్క శాలువా కూడా లేకుండా పోతుందా అని అమ్మ మీదే ఎగిరాను.

చట్రం వదులైంది, బాగుచేయిస్తానని చెప్పి బొమ్మని కొట్టుకి పట్టుకెళ్ళాను. చట్రం సంగతి ఒక పూటలో తేలిపోయింది. తర్వాత దాన్ని బల్ల మీద పెట్టి చూస్తూ కూర్చుంటే వరసలో ఆ ఖాళీ నా కంట్లో పడింది. ఎడం తప్పిన అక్షరంలా పొడిచింది. నాన్నగారు ఎక్కడో తడబడ్డారు, లేదా మొహమాటపడి తనని తను వేసుకోలేదు, ఆ లోటు నేను పూడుస్తాను అనుకున్నాను. తెలివి తెల్లారినట్టే ఉంది.

మూడు రోజులు పట్టింది. ఖాళీలో మా నాన్నగారిని నిలబెట్టాను. ట్రంకుపెట్టెలో ఉన్న కుర్రనాటి ఫోటో చూసి మొహం దించాను. కుడిచేయి పైకెత్తించి పిడికిలి బిగింపజేశాను. నల్లగుడ్డ బాగోలేదని దాని మీద మూడు రంగుల జెండా వేశాను. ఇక కుడి మూల. సంతకం పెట్టే చోటు అది, అక్కడ చూస్తే మసి. ఆ రాళ్ళనీ గుంజనీ కలిపి నీలం ఎనామిల్‌తో ఒక పలక కొట్టేసి, దాని మీద నాన్నగారి పేరు, కింద మాజీ నావికుడు అని తెల్లటి అక్షరాలు రాసి, ఎర్రరంగుతో నీడలు దిద్దాను. మసిపూసి మారేడుకాయ చేయడం అంటారు. నేను మసిని తుడవకుండానే మారేడుకాయ చేశాను.

ఒక్క విషయంలో మాత్రం చెయ్యి వెనక్కి లాగింది. నునుపు మీద రంగు పట్టదు. పాత వార్నీషుని గరుకుకాగితంతో రుద్దాకే కొత్త రంగు వెయ్యాలి. అది మా పనిలో మొదటి పాఠం. కాగితం చేతిలోకి తీసుకున్నాను కూడా. నాన్నగారు వేసిన బొమ్మ మీద గీతలు పడతాయని భయమేసింది. రుద్దకుండా అలాగే వేసేశాను.

సభలో బొమ్మ మీద పట్టుగుడ్డ కప్పారు. ముఖ్య అతిథి దాన్ని లాగితే జనం చప్పట్లు కొట్టారు. నాన్నగారు కుర్చీలోంచి లేచి బొమ్మ దగ్గరికెళ్ళారు. వరసలో ఉన్న తన మొహం కేసి చాలాసేపు చూశారు. తర్వాత వంగి, కింది మూల నేను రాసిన అక్షరాల మీద వేలు పెట్టి అటూ ఇటూ తడిమారు. నా అక్షరాలు చూసి పొంగిపోతున్నారనుకున్నాను.

మైకు ఇచ్చారు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అందరికీ నమస్కారమండీ. ఆ ఓడ మీద నేను లేనండీ."

చప్పట్లు మోగిపోయాయి. అవి ఆగేదాకా ఆయన నిలబడి, మళ్ళీ చెప్పారు.

"లేనండీ. నిజంగానేనండీ."

ఈసారి జనం లేచి నిలబడి కొట్టారు. ముఖ్య అతిథి మైకు అందుకుని, ఇంతటి వినయం ఈ రోజుల్లో ఎక్కడుంది, తను చేసింది తను చెప్పుకోని మనిషి, చూసి నేర్చుకోండి అన్నాడు. శాలువా కప్పారు. ముందు వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టినవాణ్ణి నేనే.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఆయన ఒక్క మాటే అన్నారు. "అక్షరాలు బాగా కుదిరేయిరా." మర్నాటి నుంచి తన పడకకుర్చీ వెనక వసారాలోకి మార్చుకున్నారు. అక్కడ గాలి బాగుంటుంది అన్నారు. బతికినంతకాలం ముందుగదిలో మళ్ళీ కూర్చోలేదు.

పదిహేనేళ్ళ తర్వాత పోయారు. పేగులో పుండు. కాకినాడలో పెద్ద డాక్టరు ఫోటోలు చూసి, ఇంత ముదిరేదాకా ఎలా ఓర్చుకున్నారండీ, ఒక్కసారీ నొప్పి అనలేదా అని నన్ను కోప్పడ్డాడు. అనలేదండీ, మా నాన్నగారు ఎప్పుడూ అనరండీ అన్నాను. ఆ మాట అన్నప్పుడు కూడా నాకు కాస్త గర్వంగానే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మొన్న రోహిణికార్తె ఎండలకి బొమ్మ మీద ఎనామిల్ లేవడం మొదలుపెట్టింది. ముందు ఎర్రటి నీడలు పగిలాయి. తర్వాత నీలం పలక అంచు అట్టులా చుట్టుకుపోయింది. ఎవడి పనిరా ఇది అని విసుక్కోబోయాను. నాదే. గోరుతో కదిపితే ఒక పెచ్చు చేతిలోకి వచ్చేసింది. దాంతోపాటు పాత వార్నీషు, దాని మీది మసి కూడా తొక్కలా ఊడొచ్చాయి. అడుగున నాన్నగారి రంగు నిన్న వేసినట్టుంది.

అక్కడ ఒక బూటు కనబడింది.

గుంజకి బూటు ఎందుకుంటుంది? చాకు మొనతో ఇంకో పెచ్చు లేపాను. ఇంకో బూటు. కాళ్ళు. బూడిదరంగు ఆసుపత్రి దుప్పటి. ధక్కా మీద, మనకి వీపు పెట్టి, దుప్పటి కప్పుకుని, భుజాలు కుంచించుకుని ఓడకేసి చూస్తున్న ఒక సన్నటి మనిషి. రెండు చేతులతో పొట్ట పట్టుకుని నిలబడ్డాడు.

మా అమ్మకి ఎనభై ఎనిమిది. కళ్ళు సగమే కనబడతాయి. బొమ్మని తీసుకెళ్ళి ఆవిడ మంచం దగ్గర పెట్టి, ఆవిడ వేలు పట్టుకుని ఆ మూల ఆనించాను.

"ఇక్కడెవరో ఉన్నారమ్మా."

"ఇన్నాళ్ళకి కనబడ్డారా నీకు" అంది. ఏమీ ఆశ్చర్యపోలేదు.

తర్వాత చెప్పింది. ఆపకుండా, సంత సరుకులు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఓడ బయల్దేరే ముందురోజు ఆయన జట్టువాళ్ళు చెప్పేరంట, సముద్రం మీదికెళ్ళేక పని మానేస్తున్నాం, నువ్వూ ఉన్నావు కదా అని. ఉన్నానన్నారంట ఈయన. ఆ మాటన్నాక భయం పట్టుకుంది. కాల్చేస్తారేమో, ఇంటి దగ్గర మీ నాయనమ్మ ఒక్కత్తే ఏవైపోతుందో అని. తెల్లారి కడుపులో నొప్పని చెప్పి ఆసుపత్రిలో పడుకున్నారు. నొప్పీ లేదు, ఏమీ లేదు. ఓడ ఈయన లేకుండా వెళ్ళిపోయింది. జట్టువాళ్ళు తిరగబడ్డారని తెలిసింది, మళ్ళీ వస్తున్నారనీ తెలిసింది. దుప్పటితోనే లేచి రేవుకెళ్ళి నిలబడ్డారంట. వాళ్ళు వరసగా నిలబడి వస్తుంటే, ఈయన నిలబడే చోట ఎవరూ నిలబడకుండా వదిలేరంట. అలా అని ఈయనకి అనిపించిందో, నిజంగానే వదిలేరో, నాకు తెలీదు. దిగేక సోల్జర్లు తోలుకుపోతున్నారు. ఓడలో ఈయన పక్క పడకవాడు, పంజాబు కుర్రాడంట, ఈయన ముందు నుంచే వెళ్తూ ఆగి అడిగేడంట, కడుపునొప్పి తగ్గిందా అని."

"వెటకారంగానా?"

"కాదురా. నిజంగానే అడిగేడంట. అదే ఈయన తట్టుకోలేకపోయేరు. వాళ్ళకి శిక్షలు పడ్డాయి, ఈయనకేమీ పడలేదు. నెల తిరక్కుండా తనే మానేసి వచ్చేశారు."

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నన్ను చెప్పనివ్వలేదు. చెప్పవలసినవాణ్ణి నేను, రోజూ చెబుతూనే ఉన్నాను, గోడ మీదే ఉంది కదా అనేవారు." అమ్మ వేలితో ఆ మూల మళ్ళీ తడిమింది. "ఆవేళ మీటింగులో నోటితో కూడా చెప్పేరంట కదా."

నేను వెనక వసారాలోకి వెళ్ళి, ఆ పడకకుర్చీ ఉండే చోట కూర్చుని ఏడ్చాను. అరవై దాటినవాణ్ణి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆయన పిరికివాడైనందుకు కాదు. పద్దెనిమిది పంతొమ్మిదేళ్ళ కుర్రాడు భయపడ్డాడు, అందులో వింతేముంది. ఆయన ఒప్పుకోలు రాసి గోడకి పెడితే, ముప్ఫై అయిదేళ్ళు దాని కింద అన్నం తిని, చివరికి దాని మీద నా మంచి అక్షరాలు రాశాను. ఉన్న చోటునుంచి ఆయన్ని చెరిపి, లేని చోట నిలబెట్టాను. ఎవరూ వినకపోయినా కొడుకు వినాలి కదా. నేను చప్పట్లు కొట్టాను.

బొమ్మ శుభ్రం చెయ్యడానికి రెండు నెలలు పట్టింది. దూది, చాకు మొన, ఓపిక. ఆవేళ గరుకుకాగితం పెట్టి ఉంటే కొత్త రంగు పాతదాన్ని కరుచుకుని ఎప్పటికీ వచ్చేది కాదు. భయపడి రుద్దలేదు కాబట్టి పెచ్చులుగా ఊడొచ్చింది. నేను సిగ్గుపడక్కర్లేని భయం ఆ బొమ్మ విషయంలో అదొక్కటే. జెండా కూడా తీసేశాను. నల్లగుడ్డ బయటపడింది. అన్నిటికన్నా కష్టమైంది చివర్న పిడికిలెత్తిన నాన్నగారిని తీసేయడం. ఆ మొహం బాగా కుదిరింది మరి. మొహం పెచ్చు ఒక్కటీ చెదరకుండా వచ్చింది. దాన్ని దాచుకోవాలనిపించింది. దాచుకోలేదు. వరసలో మళ్ళీ ఖాళీ వచ్చింది. ఈసారి అది నా కన్ను పొడవలేదు.

ఈ పంద్రాగస్టుకి మా ఊరి ఆడపిల్లల హైస్కూలు వాళ్ళు బొమ్మ అడిగారు. పాత సభ ఫోటో ఎక్కడో చూశారట. నేనే తీసుకెళ్ళాను. వేదిక మీద పెట్టాక హెడ్‌మిస్ట్రెస్‌గారు దాని కేసి చూసి, చేతిలో ఫోటో కేసి చూసి, "ఇందులో మీ నాన్నగారు ఉండాలి కదండీ, ఏరండీ?" అన్నారు.

"ఉన్నారండీ. మైకులో చెబుతాను."

నిలబడి, నాన్నగారు అన్న మాటే అన్నాను. ఆ ఓడ మీద మా నాన్నగారు లేరు. వెనక ఎవరో మేష్టారు అలవాటుగా చప్పట్లు మొదలుపెట్టారు. నాలుగు చేతులు కలిశాయి. చెయ్యెత్తి ఆపాను.

"చప్పట్లు వద్దండీ. వినండి చాలు."

చెప్పాను. కడుపునొప్పి దగ్గర్నుంచి కాకినాడ డాక్టరు దాకా, మధ్యలో నా నీలం పలకతో సహా అన్నీ చెప్పాను. అయిపోయాక హెడ్‌మిస్ట్రెస్‌గారు జనగణమన పాడించారు. వెళ్ళేటప్పుడు పిల్లలు ఒక్కొక్కరే బొమ్మ దగ్గర ఆగి, కింది మూల చూసి వెళ్ళారు.

ఇంటికొచ్చి బొమ్మని ముందుగదిలో దాని మేకుకే తగిలించాను. పడకకుర్చీ కూడా అక్కడికే తెచ్చి వేశాను. చప్పుడు విని అమ్మ లోపల్నుంచి పిలిచింది.

"చెప్పేవా?"

"చెప్పేనమ్మా."

"చప్పట్లు కొట్టేరా?"

"లేదమ్మా. ఎవరూ కొట్టలేదు."

"అయితే విన్నార్రా" అంది అమ్మ.